తెగులుకూ తెగలున్నాయి

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో పచ్చని పైరు అర్ధాంతరంగా వాడి తలవాల్చితే 'ఎండు తెగులు' అంటారు. కందికీ అదే మాట, పత్తికీ అదే, శనగకీ అదే. లక్షణం ఒకటే కనుక పేరూ ఒకటైంది. నీరు మోసే నాళాలలో శిలీంధ్రం చేరుతుంది. కాండాన్ని చీల్చి చూస్తే లోపల ముదురు రంగు చార కనిపిస్తుంది. నేలలో తడి ఉండగానే మొక్క దాహంతో మరణిస్తుంది.

అయితే ఆ పేరు వెనుక ఉన్నది ఒక్క శత్రువు కాదు. కందిని చంపేది ఫ్యుజేరియం ఉడమ్. శనగనూ పత్తినీ చంపేది ఫ్యుజేరియం ఆక్సిస్పోరమ్. టమాటాను, అరటిని ఎండబెట్టేదీ ఆ జాతే. అయినా శనగను పట్టినది పత్తిని చంపదు, పత్తిని పట్టినది అరటి జోలికి పోదు. సూక్ష్మదర్శినిలో అన్నిటిదీ ఒకే పోలిక; ఆకలి మాత్రం వేరు. 2010లో వెలువడిన జన్యు పరిశోధన ఈ గుట్టును కొంత విప్పింది. టమాటాను పట్టే తెగ నుంచి కొన్ని క్రోమోజోములు హానిచేయని మరో తెగకు చేరగానే, అది కూడా టమాటాకు వ్యాధి కలిగించగలిగింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది శనగ. ఆ ఒక్క పంటలోనే మళ్ళీ తెగలు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు హవారే, నెనే 1982లో నాలుగింటిని గుర్తించారు: ఒకటవది హైదరాబాదుది, రెండవది కాన్పూరుది, మూడవది గురుదాస్‌పూర్‌ది, నాలుగవది హిస్సారుది. ఒక తెగను తట్టుకున్న శనగ రకం మరో తెగ ముందు కూలిపోయింది. నేడు ప్రపంచం మొత్తం మీద ఎనిమిది తెగలను లెక్కిస్తున్నారు. వాటిలో రెండు మొక్కను ఉన్నపళాన వాడ్చవు. ఆకులను మెల్లగా పసుపుబారుస్తాయి.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన ముచ్చట కాదు. మన వైపు శనగ వర్షాలు వెనుదిరిగాక, నల్లరేగడిలో మిగిలిన తడి మీద పండుతుంది. మొక్క పోతే మళ్ళీ విత్తడానికి పదును ఉండదు. పాత అన్నిగేరి రకాన్ని తప్పించి 1999లో విడుదలైన జేజీ 11 మన జిల్లాలో స్థిరపడటానికి ఎండు తెగులును తట్టుకునే గుణమూ ఒక కారణం. కానీ 'తెగులును తట్టుకుంటుంది' అన్న మాట ఒంటరిగా నిలిస్తే అర్ధసత్యమే. ఏ తెగను, ఏ నేలలో అన్నది కూడా చెప్పినప్పుడే అది నిండు సత్యం.

ఇంకొక సంగతి. ఈ శిలీంధ్రం శనగ లేకున్నా ఆరేళ్ళకు పైగా నేలలో బతకగలదు. విత్తనం వెంట ప్రయాణమూ చేయగలదు. ఎక్కడిదో తెలియని బస్తా ఒకటి మన నేలలో లేని తెగను తెచ్చి దించవచ్చు. ఒకసారి దిగినది ఒక పంటకాలంతో పోదు. అందుకే విత్తనశుద్ధిని చాదస్తమనుకోకూడదు. విత్తనం కొనేటప్పుడు ధర అడిగినట్టే, అది ఏ ఊరి పంటో కూడా అడగాలి.