మడతపడ్డ యెన్లు

నోట్లు పోగుచేసేవాళ్ళకి ఒక పిచ్చి ఉంటుంది. మడత పడని, మరక లేని, ఎవరి జేబులోకీ వెళ్ళని నోటు కావాలి. దానికో గ్రేడు, ఆ గ్రేడుకో రేటు. హాంకాంగ్ మిలిటరీ యెన్ల దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క నాకు ఒంటపట్టలేదు.

1941 డిసెంబరు 25న హాంకాంగ్ జపాన్ చేతికి చిక్కింది. మొదట్లో రెండు హాంకాంగ్ డాలర్లిస్తే ఒక మిలిటరీ యెన్ అన్నారు. 1942 జులైలో నాలుగిస్తేనే ఒకటి అన్నారు. అంటే డాలర్లు దాచుకున్నవాళ్ళ సొమ్ములో సగం ఒక్క ఉత్తర్వుతో హుష్ కాకి! 1943 జూన్ నుంచి డాలరు చెల్లదన్నారు. ఇక మార్చుకోక చస్తారా? తర్వాత్తర్వాత అచ్చేసిన నోట్లలో చాలావాటికి సీరియల్ నంబరు కూడా ఉండదు, బ్లాకు నంబరు తప్ప. మన భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ లేని టేబుల్ అన్నమాట. ఎన్ని రికార్డులు ఎక్కించారో ఎవడు లెక్కపెడతాడు!

నోటు మీద మాత్రం చైనీసులో ఓ హామీ ఉంటుంది... ఇది చూపించిన వెంటనే ముందువైపు రాసినంత జపాన్ డబ్బు ఇస్తామని. దొంగనోట్లు చేస్తే కఠినశిక్ష అని కూడా (ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడండి).

యుద్ధం ఓడాక, 1945 సెప్టెంబరు 6న, ఇవేవీ చెల్లవని జపాన్ ఆర్థికశాఖ ప్రకటించేసింది. చైనాలో నాన్‌జింగ్ కీలుబొమ్మ ప్రభుత్వం వేసిన నోట్లకి కనీసం 200కి ఒకటి లెక్కన మార్పిడి దొరికింది. అదీ దోపిడీయే లెండి, కానీ వీళ్ళకి ఆ ఒకటి కూడా లేదు. చాలామంది ఆ కట్టల్ని పారెయ్యకుండా దాచుకుని, చివరికి టోక్యోలో కోర్టుకెక్కారు. మీరు పడ్డ కష్టం నిజమే, కానీ పరిహారం ఇవ్వడానికి చట్టం లేదు అంటూ 1999 జూన్ 17న కోర్టు కేసు కొట్టేసింది.

కాబట్టి ఈ నోటు కొనడమంటే ఎవరికో తీరని బాకీ తాలూకు కాగితం కొనడమే. మరి కొనొచ్చా? నేను కొంటాను, నలిగినవి మాత్రమే. తళతళలాడే నోటు ఏ కట్టలోనో ఉండిపోయి ఉంటుంది, దానివల్ల నష్టపోయినవాడు లేడు. మడతలున్నదానికోసం ఎవరో నాలుగు డాలర్లు ఇచ్చుకుని ఉంటారు, దాంతో బియ్యం కొనబోయి ఉంటారు.

మొన్న ఒకాయన నా పది యెన్ల నోటు చూసి, "పైన గుడ్డ వేసి ఇస్త్రీ చెయ్యరాదూ, మడతలు పోతాయి, రేటు పెరుగుతుంది" అన్నాడు. వద్దులెండి అన్నాను.