ఇల్లు చవకే, సంతకమే ప్రియం

కల్యాణదుర్గం దగ్గరి పల్లెలో మూడు గదుల మిద్దె, పెరట్లో వేపచెట్టు. ధర 6 లక్షల రూపాయలు. బెంగళూరు శివార్లలో పదేళ్లుగా అద్దెకుంటున్న అకౌంటెంటుకు మొదట నమ్మకం కలగలేదు. అక్కడ ఆ డబ్బుకు కారు నిలిపేంత జాగా కూడా రాదు.

చవకకు ఒక కారణం పైకే కనిపిస్తుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుశనగ ఎండినప్పుడల్లా వీధిలో మరో ఇంటికి తాళం పడింది.

రెండో కారణం కాగితాల్లో ఉంది. ఊళ్లో ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలోనివి. రెవెన్యూ రికార్డుల్లో ఎవరి ఇల్లు ఏదో విడివిడిగా ఉండదు. అమ్మేవాడి దగ్గరున్నవి పంచాయతీ పన్ను రసీదు, కరెంటు బిల్లు. వాటిని చూసి బ్యాంకు అప్పివ్వనంది. దాచుకున్న సొమ్ముకు భార్య నగలు తోడయ్యాయి. ఈ లోటు తీర్చడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం ప్రారంభించింది. డ్రోన్లతో ఇళ్లు కొలిచి యజమానులకు కార్డులిస్తారు. అయితే డ్రోన్‌కు కనిపించేవి గోడలే.

ఆ ఇంటి ఆడపడుచు బళ్లారిలో ఉంది. తండ్రి వీలునామా రాయకుండానే పోయాడు. "పెండ్లి చేసి పంపిస్తిమి కదప్పా, ఇంగ దానికేమి వాటా?" అన్నాడు అన్న. ఊళ్లో ఎవరూ కాదనలేదు. కానీ తండ్రి ఆస్తికి కూతురూ వారసురాలేనని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. మగ వారసులు పంచుకునేదాకా నివాస గృహంలో ఆమె పంపకం కోరరాదన్న 23వ సెక్షన్‌ను 2005లో తొలగించారు. అన్న ఒక్కడి సంతకంతో కొంటే దక్కేది అన్న వాటా మాత్రమే. నగలు తాకట్టు పెట్టినవాడు కోర్టు చుట్టూ ఎన్నాళ్లు తిరగగలడు?

చెల్లెలి సంతకం లేనిదే కొననన్నాడు అకౌంటెంటు. అడ్వాన్సు తిరిగిచ్చేస్తానని అన్న భగ్గుమన్నాడు. నెల గడిచింది. అప్పులవాళ్లు గడప వదల్లేదు. చివరికి బళ్లారికి ఫోను వెళ్లింది.

ఆమె బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చింది. గదులన్నీ తిరిగి చూసి, "మాయమ్మ ఈడనే కాలం చేసింది" అంది. సగం సొమ్ముకు తన పేరిట చెక్కు తీసుకుని, సబ్ రిజిస్ట్రారు ముందు సంతకం చేసింది. అన్న తల ఎత్తలేదు.

తొలి వానకే మిద్దె కారింది. మరమ్మతుకు 60 వేలు. కనీసం ఆ ఖర్చులో ఎవరి వాటా గొడవా లేదు.