ఆడని సినిమా... ఆగని దరువు!

సినిమా పోతే పాటలు కూడా దానితోపాటే పోవాలా? ఈ ప్రశ్న నన్ను ముప్పై ఏళ్లుగా వదలడం లేదు. ఎందుకంటారా? ఒక మంచి పాటల క్యాసెట్టుని నా చేతులతో నేనే చెరిపేశాను గనక!

మాది నేరేడుచర్ల. ఇప్పుడు సూర్యాపేట జిల్లాగాని, 1994లో నల్లగొండ జిల్లా. సాగర్ ఎడమ కాలవ నీళ్లు, వరి పొలాలు, కోతలప్పుడు రోడ్డు నిండా ట్రాక్టర్లు. ఆ రోడ్డు పక్కనే నాకో చిన్న క్యాసెట్ల షాపు వుండేది. రెండు డెక్కులు, బయటికో స్పీకరు బాక్సు, అంతే! జనం ఖాళీ క్యాసెట్టూ, పాటల చీటీ ఇచ్చి పోయేవారు. సాయంత్రానికి నింపి వుంచేవాణ్ణి.

ఆ ఏడాది 'సూపర్ పోలీస్' వచ్చింది. రామానాయుడు గారి సినిమా. కె. మురళీమోహనరావు దర్శకుడు. వెంకటేష్ పక్కన నగ్మా, సౌందర్య. సంగీతం ఏ.ఆర్. రెహమాన్! 'రోజా' మోజు ఇంకా తీరని రోజులవి. ఆశలు ఎన్నని చెప్పను? సినిమా మాత్రం నిలబడలేదు. అదే ఏడు రెహమాన్ 'గ్యాంగ్ మాస్టర్', 'పల్నాటి పౌరుషం' కూడా చేశారు. ఒకప్పుడు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన మనిషి, తెలుగు పాట ఆయనకి కొత్తేమీ కాదు. అయినా మళ్లీ నేరుగా ఓ తెలుగు సినిమాకి ఆయన బాణీలు వినాలంటే 2004లో 'నాని' దాకా ఆగాల్సి వచ్చింది.

ఏ పాటైనా మనం మాటల్ని బట్టి, రాగాన్ని బట్టి మెచ్చుకుంటాం. ఓ ట్రాక్టరు డ్రైవరు అలా కాదు. డప్పు వాయించే కుర్రాడు. షాపు ముందు ఇంజను ఆపి, స్పీకరు బాక్సు మీద అరచెయ్యి పెట్టాడు.

"అన్నా, పైన పాట ఒకటి పోతంది. కింద దెబ్బ ఇంకోటి పోతంది. నాకు ఆ కింద దెబ్బ కావాలె" అన్నాడు.

డప్పు మీద సిర్ర దెబ్బ వేరు, చిటికెన పుల్ల దెబ్బ వేరు. రెండూ విడివిడిగా వినే చెవి అతనిది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒకవైపు 'సూపర్ పోలీస్' పాటలే ఎక్కించి ఇచ్చాను. ఆ కోతలన్నాళ్లూ అతని ట్రాక్టరు మీద అవే మోగాయి.

తర్వాత 'ప్రేమికుడు' వచ్చింది. అదీ రెహమానే, అందులోనూ నగ్మాయే! షాపు ముందు తిరనాళ్ల. డ్రైవరు తన క్యాసెట్టే ఇచ్చి, "కొత్తయి ఎక్కించన్నా" అన్నాడు. ఏ వైపు అని నేను అడగలేదు. ఆడని సినిమా పాటలు ఎవరిక్కావాలిలే అనుకుని, 'సూపర్ పోలీస్' మీదే ఎక్కించేశాను.

మర్నాడు వచ్చాడు. "గంత పని చేసినవేందన్నా!" అన్నాడు.

క్యాసెట్టు అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క వుంటుంది. అది విరిచేస్తే ఇక దానిమీద రికార్డు పడదు. "రెక్క విరవడం మరిచాను తమ్ముడూ" అన్నాను. అబద్ధం! మరవలేదు, లెక్కచెయ్యలేదు. అసలు క్యాసెట్టు ఎవరో పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. మిర్యాలగూడలో, కోదాడలో వెతికాను. దొరకలేదు. అతను మళ్లీ నా షాపు మెట్టెక్కలేదు.

మొన్న ఓ పెళ్లిలో కనిపించాడు. జుట్టు నెరిసింది, భుజాన డప్పు అలాగే వుంది. గబగబా ఫోను తీసి ఆ పాటే పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని విని నవ్వాడు.

"పాట వచ్చిందన్నా. దెబ్బ రాలే."

నిజమే! లోతైన శబ్దం రావాలంటే బోలెడు గాలి కదలాలి. అరచేతిలో ఇమిడే ఫోనుకి ఆ శక్తి ఎక్కడిది? పక్కనున్న డీజే కుర్రాణ్ణి బతిమాలి పెద్ద బాక్సుల్లో పెట్టించాను. అతను విని తలాడించాడు. 1990లలో ఇంగ్లండులో జంప్-అప్ అని ఓ రకం డ్రమ్ అండ్ బేస్ పుట్టిందట. నిమిషానికి నూట డెబ్భై దాకా దెబ్బలు, గొంతుకంటే బేసే హీరో. జనం మరిచిన అలాంటి రికార్డులు వెతికి వింటాడట. "ఇది ఆ వేగం కాదు అంకుల్, కానీ పాటని నడిపేది కిందున్న బేసే" అన్నాడు. మా డ్రైవరు చదువుకోకుండానే చెప్పిన మాట!

అతను బాక్సు మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత మంట దగ్గర డప్పు కాచుకుని, ఆ దెబ్బకి దరువు కలిపాడు. పాట అయ్యాక నా వైపు చూసి అన్నాడు -

"ఈసారన్నా రెక్క ఇరువన్నా!"