గడ్డా, చిగురా?

ఎండీఎక్స్ ఎలుకల్లో కండను కాచే డిస్ట్రోఫిన్ ప్రొటీన్ ఉండదు. మగపిల్లలకొచ్చే డూషేన్ జబ్బులోనూ అదే లోపం. ఆ జబ్బు మందులకు తరచూ ఈ ఎలుకల మీదే పరీక్ష. వాటి కండల స్లైడులు చదవడం హైదరాబాదులో నా ఉద్యోగం.

ముసలివైన ఈ ఎలుకల్లో కొన్నింటికి రాబ్డోమయోసార్కోమా అనే కండ కేన్సర్ లేస్తుంది. చిక్కేమిటంటే, చితికి మళ్లీ చిగురించే కండా కొంచెం అలాగే కనబడుతుంది: నీలం తిరిగిన లేత పోగులు, నడిమధ్య పెద్ద కేంద్రకాలు. డెస్మిన్, మయోజెనిన్ పరీక్షల్లో రెండూ రంగు పట్టేస్తాయి. ఇక కంటినే నమ్మాలి. చిగురించే పోగులు పాతవాటి వెంటే ఒద్దికగా సాగుతాయి. గడ్డ కణాలకు వావీ వరసా ఉండదు. పక్క కండలోకి చొరబడతాయి.

శింగనమలలో మా పెద్దమ్మ మనవడికి ఈ జబ్బే. పదకొండేళ్లకే నడక పోయింది.

"నీ ఎలకలన్నా నడుస్తాండాయా నాయనా?" అందామె మొన్న.

"నడుస్తాయి పెద్దమ్మా," అన్నాను. ఎలుక కండ మన కండకన్నా బాగా చిగురిస్తుంది మరి. అది మాత్రం ఆమెతో అనలేదు.

మందు తిన్న ఎలుకలో చిగురును గడ్డని రాస్తే మంచి మందు మూలపడొచ్చు. గడ్డను చిగురంటే ఆ మందు పిల్లల దాకా పోవచ్చు. ఈ వారం ఒక స్లైడు ఎటూ తేలలేదు. అదే బ్లాకు నుంచి ఇంకా లోతుగా కోతలు తీయమన్నాను.