నిద్ర పట్టిక

జనవరి 6, 2025, సోమవారం

గుంటూరు డాక్టరమ్మ ఇవాళ మందు రాయలేదు, నోటుపుస్తకం కొనమంది. "రెండు వారాలు రాయండి మాస్టారూ. ఎన్నింటికి పక్క ఎక్కాడు, ఎన్నింటికి కన్ను మూశాడు, మధ్యలో ఎప్పుడు లేచాడు, మళ్లీ ఎప్పుడు పడుకున్నాడు. పగలు కునుకు తీస్తే అదీ రాయండి. ఊహించి కాదు, చూసి." ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ని, చూసి రాయడం నాకు అలవాటే. చిలకలూరిపేటలో బస్సు దిగగానే వంద పేజీల రూళ్ల పుస్తకం కొన్నాను.

మనవడికి ఎనిమిదేళ్లు. ఆటిజం అని మూడో ఏట తెలిసింది. నిద్రలేమి అంతకంటే ముందే తెలుసు, దానికి పేరు తెలియదంతే.

జనవరి 9

పక్క 9:00. నిద్ర 11:20. మెలకువ 1:50. మళ్లీ నిద్ర 4:30. లేచింది 6:10.

వాడు ఏడుస్తూ లేవడు, నవ్వుతూ లేస్తాడు. గది మధ్యలో నిలబడి చేతులు ఊపుతూ, బస్టాండు మైకు గొంతుతో, "ఒంగోలు వెళ్లు బస్సు రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద" అని మొదలుపెడతాడు. సొంతంగా పలికే మాటలు ఇరవై ఉంటాయేమో. విన్నవి మాత్రం పొల్లుపోకుండా అప్పజెబుతాడు. అర్ధరాత్రి రెండింటికి ఒక్క బస్సు కూడా మిస్సవ్వదు.

కోడలు లేచి వాడి పక్కన కూర్చుంది. "నువ్వు పడుకో అమ్మా, నేనున్నాగా" అన్నాను. "నిద్ర రాదు మామయ్యా, వాడు లేచాక" అంది. పొద్దున పొయ్యి దగ్గర నిలబడే కునికింది. పాలు పొంగి మాడాయి.

జనవరి 13, భోగి

నాలుగింటికి ఊరంతా లేచింది. వాడు రెండింటికే లేచి ఉన్నాడు. ఇన్నాళ్లూ ఊరి టైము వేరు, వాడి టైము వేరు. ఈ ఒక్కరోజు ఊరే వాడి టైముకు వచ్చింది. డప్పులు వినపడకుండా చెవులు మూసుకుని, మంటకు దూరంగా నా ఒళ్లో కూర్చుని, విరిగిన కుర్చీ కాలిపోవడం చివరిదాకా చూశాడు. ఏడింటికి నాయనమ్మ ఒళ్లో నిద్రపోయాడు. ఆవిడ పొంగలి మాట మరిచి రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంది.

పగటి నిద్ర 7:05 నుంచి 9:40.

జనవరి 19

పక్క 9:30. నిద్ర 9:50. లేచింది 5:20. మెలకువ లేదు.

పుస్తకం మొదలుపెట్టాక మధ్య గడి ఖాళీగా ఉండటం ఇదే మొదటిసారి. ఎలా పడుకున్నాడో వివరంగా రాయాలి.

ముందు గదిలో పత్తి పోశాం, పద్దెనిమిది క్వింటాళ్ల దాకా ఉంటుంది. సీసీఐ వాళ్లు పొడుగు పింజకు 7,521 ఇస్తున్నారు, వాళ్లకే వేద్దామని అబ్బాయి ఆపాడు. అన్నం తిన్నాక మనవడు ఆ గదిలోకి నడిచి, కుప్ప మీద బోర్లా పడి, చేతులతో తవ్వుకుంటూ మెడదాకా లోపలికి పోయాడు. నేను లాగబోయాను. వాడి ముఖం చూసి ఆగాను. ఎప్పుడూ బిగిసి ఉండే భుజాలు జారిపోయి ఉన్నాయి. గుమ్మంలో కుర్చీ వేసుకుని తెల్లవార్లూ ముక్కూ నోరూ బయటే ఉన్నాయా అని చూస్తూ కూర్చున్నాను. పత్తి లోపల వేడి పుడుతుంది, దుమ్ము రేగుతుంది. రోజూ పడుకోబెట్టే చోటు కాదది. అయినా ఒళ్లంతా సమంగా ఒత్తుతూ పట్టుకునేది ఒకటి కావాలని వాడు తనంతట తనే వెతుక్కున్నాడు.

"నిద్ర సుఖమెరగదు" అంటారు. నా మనవడి నిద్రకు సుఖం బాగా తెలుసు. దుప్పటి కుట్టు ఒంటికి తగిలినా, బనీను వెనక లేబులు గీసుకున్నా, ఫ్యాను కిర్రుమన్నా దగ్గరికి రాదు.

అబ్బాయి ఫోనులో వెతికాడు. బరువు దుప్పట్లు కప్పితే ఇలాంటి పిల్లలు నిద్రపోతారా అని ఇంగ్లండులో పరీక్ష చేసి 2014లో ఫలితం చెప్పారట. మామూలు దుప్పటితో పోలిస్తే నిద్ర పెరగలేదు. కానీ పిల్లలకూ తల్లిదండ్రులకూ బరువు దుప్పటే నచ్చింది. అందుకే ఒక్క రాత్రి చూసి గంతులెయ్యను.

జనవరి 27, సోమవారం

డాక్టరమ్మ పుస్తకం పేజీ పేజీ చూసింది. ఆటిజం ఉన్న పిల్లల్లో వందకు యాభై నుంచి ఎనభై మందికి నిద్ర ఇబ్బందులుంటాయంది. ఆ మాట వినగానే కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ తన పెంపకంలోనే ఏదో లోపం ఉందనుకుంది.

ముందు ఒంట్లో ఏముందో చూడాలట. మలబద్ధకం, నులిపురుగుల దురద, గురక, మూర్ఛ. మాట చెప్పలేని పిల్లవాడు కడుపునొప్పిని కూడా మెలకువతోనే చెబుతాడు. "నిద్రలో కాళ్లు గోడకేసి రుద్దుతున్నాడని మూడుచోట్ల రాశారు" అని వేలు పెట్టి చూపించి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో తెలుసుకునే రక్తపరీక్ష రాసింది. అది తగ్గితే కాళ్లు నిలవవట. ఆ మాటలు నేను ఊరికే రాసినవి. ఆమె వాటినే పట్టుకుంది.

రెండేళ్ల కింద ఒకచోట, జలుబు లేకుండానే జలుబు సిరప్ రాసిచ్చారు, మత్తుగా పడుకుంటాడని. ఆ రాత్రి వాడు ఈ గోడకూ ఆ గోడకూ తెల్లవార్లూ పరుగెత్తాడు. ఆ సంగతి చెబితే, కొందరు పిల్లలకు ఆ మందు ఎదురు తిరుగుతుందంది. అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

మెలటోనిన్ గురించి అడిగాను. చీకటి పడితే మెదడులో పీనియల్ గ్రంథి వదిలే హార్మోను అది. 1958లో ఆరన్ లెర్నర్ ఆవుల గ్రంథుల నుంచి దాన్ని వేరుచేశాడు. ఆయన చర్మవ్యాధుల డాక్టరు, బొల్లికి దారి వెతుకుతుంటే నిద్ర తలుపు దొరికింది. ఆటిజం పిల్లల్లో కొందరికి ఇది తక్కువగానో ఆలస్యంగానో ఊరుతుంది. అమెరికా నరాల వైద్యుల సంఘం 2020లో చెప్పిన వరస కూడా ఇదే. ముందు ఒంటి జబ్బులు చూడాలి, తర్వాత అలవాట్లు సరిచేయాలి, అప్పటికీ చాలకపోతేనే మెలటోనిన్, అదీ చిన్న మోతాదుతో మొదలుపెట్టాలి. "మందుల షాపులో అడిగి తెచ్చి పోయకండి" అని రెండుసార్లు చెప్పింది.

ఆమె చెప్పిన ఒక మాట నాకు తలకిందులుగా అనిపించింది. "తొమ్మిదికి పడుకోబెట్టకండి. వాడికి నిజంగా నిద్రపట్టేది పదకొండుకు కదా, పావు తక్కువ పదకొండుకే పక్క ఎక్కించండి. త్వరగా పట్టడం మొదలయ్యాక నాలుగైదు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. పొద్దున లేపే టైము మాత్రం మార్చొద్దు." రెండు గంటలు పక్క మీద పొర్లితే, పక్క అంటే పొర్లే చోటని వాడు నేర్చుకుంటాడట.

ఫిబ్రవరి 7

పత్తి పోయింది. మధ్యాహ్నం ట్రాక్టరెత్తాం.

ఫిబ్రవరి 8, తెల్లవారుజాము

చేయి వణుకు తగ్గాక రాస్తున్నాను.

రాత్రి రెండుసార్లు ఖాళీ గదిలోకి వెళ్లి నేల తడిమాడు. మూడోసారి నేను కునికాను. 2:40కి కళ్లు తెరిస్తే వీధి తలుపు తీసి ఉంది.

అబ్బాయి టార్చితో ఊళ్లోకి, నేను పొలాల దారిన. మా దారి చివర సాగర్ మేజర్ కాలువ. నీళ్లు వదిలి ఉన్నాయి. ఇలాంటి పిల్లల్లో చాలామందికి నీళ్లంటే ప్రాణం, నీళ్ల భయం తెలియదు. నా నోటివెంట పేరు రాలేదు. పిలిచినా పలకడు. ఏం పిలవాలో తోచక "ఒంగోలు వెళ్లు బస్సు" అని అరిచాను. కాలువ వంతెన దగ్గర నుంచి "రెండో నంబరు ప్లాట్‌ఫారం మీద" అని వినిపించింది.

వంతెన పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాడు. రెండు గుప్పిళ్లలో పత్తి. ట్రాక్టరు పోయినప్పుడు దారి పొడవునా తుమ్మకొమ్మలకు పోగులు చిక్కుకుంటాయి కదా, వాటినొక్కొక్కటే తెంపుకుంటూ వచ్చాడు. పత్తి ఎటు పోయిందో వాడికి సరిగ్గానే తెలుసు.

ఫిబ్రవరి 9

తలుపుకు పైన గడియ పెట్టించాం. ఎద్దులు అమ్మేసి పన్నెండేళ్లయినా వాటి మువ్వల పట్టెడ అటక మీదే ఉంది. దాన్ని తలుపుకు కట్టాను. నాయనమ్మ పాత చీరలన్నీ పోగేసి బొంత కుడుతోంది, నాలుగు వరసలు, మధ్యలో దూది. అంచులు వాడి చెంపకు తగలకుండా కుట్లు లోపలికి మడిచింది.

ఫిబ్రవరి 15

తాయెత్తు కట్టించమని ఒకరు, తల్లి ముద్దుచేసి చెడగొట్టిందని ఒకరు. తల్లి మీద నింద మన ఊళ్లలోనే పుట్టలేదు. అమెరికాలో 1943లో లియో కానర్ ఆటిజం ఉన్న పదకొండుమంది పిల్లల గురించి రాశాక, తల్లుల మనసులో ప్రేమ లేకపోవడమే కారణమని పెద్ద పెద్ద వైద్యులే అన్నారు. 1967లో బెటల్‌హైమ్ దాని మీద పుస్తకమే రాశాడు. అంతకు మూడేళ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ ఆటిజం మెదడుకు సంబంధించిన సంగతని రాసి ఉన్నాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే. అది కోడలికి చదివి వినిపించాను.

ఫిబ్రవరి 26, శివరాత్రి

మేడ మీద నుంచి చూస్తే కోటప్పకొండ వైపు ప్రభల వెలుగు. వాడిని తీసుకెళ్లలేదు. ఆ మైకులు, ఆ జనం తట్టుకోలేడు.

తెల్లారి తిరునాళ్ల నుంచి వచ్చిన చుట్టాలావిడ గడపలో కూలబడి, "ఒక్క రాత్రి జాగారానికే కళ్లు మండిపోతున్నాయే" అంది. కోడలు ఆవిడ చేతికి మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 11

మిరపకాయ కళ్లంలో ఉంది. రాత్రి అబ్బాయికి తోడు వెళ్లాను. మబ్బు పట్టింది, ఏ క్షణాన పట్టలు కప్పాల్సి వస్తుందోనని. కేంద్రం క్వింటాలుకు 11,781 అంది. కోత కూలి, మందుల ఖర్చు పోతే మిగిలేదేమిటో లెక్క తేలడం లేదు. చుట్టూ కళ్లాలన్నింట్లో బ్యాటరీ లైట్లు, దగ్గులు. కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలోళ్ల గుడిసెల్లో ఒక బిడ్డ ఏడుస్తోంది, తల్లి జోకొడుతోంది.

అబ్బాయి ఎప్పుడూ అడగనిది అడిగాడు. "నాన్నా, వాడు కడుపులో ఉన్నప్పుడు నేను తోటకు మందు కొట్టి ఆ బట్టలతోనే ఇంటికొచ్చేవాణ్ని. అందువల్లేనా?"

చీకట్లో వాడి ముఖం కనిపించలేదు. నాకు తెలిసింది చెప్పాను. కాలిఫోర్నియాలో 2014లో ఒక అధ్యయనం వచ్చింది. గర్భంతో ఉన్నప్పుడు పురుగుమందు చల్లే పొలాల దగ్గర ఉన్నవాళ్ల పిల్లల్లో ఆటిజం కొంత ఎక్కువగా కనపడింది. సంబంధం కనపడటం వేరు, అదే కారణమని తేలడం వేరు. ఆటిజంలో వంశపారంపర్యం పాలే పెద్దది. ఈ బిడ్డకు ఇందువల్లే వచ్చిందని ఏ డాక్టరూ వేలు పెట్టి చూపలేడు. "మందు కొట్టిన బట్టలతో ఇంట్లోకి రావద్దు, అది అందరికీ మంచిది. కానీ ఈ మూట నెత్తిన పెట్టుకోకు" అన్నాను. చాలాసేపటికి "ఊఁ" అన్నాడు. ఇన్నేళ్లూ వాడు కళ్లంలోనే ఎందుకు పడుకుంటున్నాడో నాకిప్పుడు తెలిసింది.

మార్చి 13

అబ్బాయి ఇంట్లో పడుకున్నాడు. రెండు నుంచి తెల్లారేదాకా కాపలా వాడిది. కళ్లానికి నేను వెళ్తాను.

మార్చి 23

పక్క 9:45. నిద్ర 10:05. మెలకువ 3:15. మళ్లీ నిద్ర 3:50. లేచింది 6:00.

పరీక్షలో ఇనుము నిల్వ తక్కువని తేలింది, సిరప్ పోస్తున్నాం. కాళ్లు రుద్దడం తగ్గింది. గోడకు నాలుగు బొమ్మలు అంటించాను: స్నానం, పాలు, బొంత, ఆరిన దీపం. సాయంత్రం అయ్యేసరికి వాడే వేలు పెట్టి వరస చదువుతాడు. దీపం బొమ్మ దగ్గర "లైటు" అంటాడు. ఎనిమిది తర్వాత ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోను ఉండకూడదన్నది అందరికంటే నాకే కష్టమైంది. మెలటోనిన్ దాకా ఇంకా పోలేదు. కావాల్సివస్తే వాడతాం, అందులో తప్పేం లేదు.

మిరపకాయ కోరు మాత్రం ఆపలేం. గాలి కళ్లాల మీదుగా తిరిగిన రాత్రి వాడు తుమ్ముతాడు, లేస్తాడు. తడిబట్ట కిటికీకి కడుతున్నాం.

ఏప్రిల్ 2

ఈ రోజును ఆటిజం కోసమని 2007లో ఐక్యరాజ్యసమితి నిర్ణయించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రానికి తల్లుల్ని పిలిచారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజాన్ని కూడా వైకల్యాల్లో చేర్చారనీ, సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంటే పింఛను 6,000 వస్తుందనీ టీచరు ఓపిగ్గా చెప్పింది. ఆ తర్వాత, రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారని నేనడిగాను. ఐదు దాటి చెప్పినవాళ్లు లేరు. ఒకామె, "నన్నెవరూ ఇంతవరకూ ఇది అడగలేదు" అంది.

ఏప్రిల్ 17

పక్క 9:15. నిద్ర 9:40.

మూడుంబావుకి మువ్వలు మోగాయి. మంచం మీంచి దూకాను. వాడు కాదు, కోడలు. తలుపు పట్టుకుని నిలబడి ఉంది, జుట్టంతా చెదిరి.

"టైమెంత మామయ్యా?"

చెప్పాను.

"మరి వాడు లేవలేదేంటి?"

పది నుంచి తను కదల్లేదట. మెలకువ రాగానే ఇంట్లో చప్పుడు లేకపోయేసరికి బయటికి పోయాడేమోనని భయపడింది. ఇద్దరం గదిలోకి వెళ్లాం. అబ్బాయి గోడకానుకుని మేలుకునే ఉన్నాడు, ఉష్ అన్నాడు. ఆమె వంగి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. బొంత కాస్త పైకి లాగింది. వెళ్లి పడుకోమంటే పడుకోలేదు. అక్కడే కింద కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

లేచింది 5:50.