ఆమె చేతిలో ఏముంది?

హన్మకొండలో ఓ డాబా ఇల్లు. ఆదివారం పొద్దున్నే వరండాలో యుద్ధం మొదలైంది. మెడకు తువ్వాలు కట్టుకున్న ఆరేళ్ల తమ్ముడు భీమ్. మూలనున్న నీళ్ల డ్రమ్ము రాక్షసుడు. మరి ఎనిమిదేళ్ల అక్క? ‘నువ్వు చుట్కీవి. నాకు దెబ్బ తాకినప్పుడు లడ్డూ తేవాలె’ అని తమ్ముడు ముందే తేల్చేశాడు. అక్క రెండుసార్లు లడ్డూ తెచ్చింది. మూడోసారి మాత్రం, గుమ్మంలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న నానమ్మ పక్కన కూలబడింది.

‘నానమ్మా... చుట్కీ ఎందుకు కొట్లాడది?’

‘లడ్డూలు చేసుడే సరిపోతది బిడ్డా ఆమెకు. ఇగ కొట్లాడేదెప్పుడు?’ నానమ్మ నవ్వేసింది.

పాప నవ్వలేదు. తమ్ముడి కత్తి వైపు ఓసారి, తన చేతిలోని ఉత్తుత్తి లడ్డూ వైపు ఓసారి చూసుకుంది.

పిల్ల అడిగింది చిన్న ప్రశ్నే. కానీ టీవీలో, పుస్తకాల్లో బొమ్మలు చూస్తూ పెరిగే ఆడపిల్లలందరిదీ ఆ ప్రశ్న. కాలం మారింది, కార్టూన్లు మారాయి. బొమ్మల్లోని అమ్మాయి చేతిలో ఉన్న వస్తువు మారిందా?

పక్కింటి చుట్కీ

ఛోటా భీమ్ మనకు దూరపువాడేం కాదు. రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ హైదరాబాద్‌లోనే అతనికి ప్రాణం పోసింది. 2008లో పోగో చానల్‌లో మొదలైన ఆ ధోలక్‌పూర్ కథలు దేశమంతటా పిల్లల్ని టీవీల ముందు కట్టిపడేశాయి. భీమ్‌కు లడ్డూ తింటే బలం వస్తుంది. ఆ లడ్డూలు చేసేది చుట్కీ వాళ్లమ్మ టున్‌టున్ మౌసీ. అవి భీమ్‌కు అందేది చాలాసార్లు చుట్కీ చేతుల మీదుగానే. చుట్కీ తెలివైంది, మంచిది, ధైర్యం ఉన్నదే. కానీ కథ పేరు ఆమెది కాదు. చివరి దెబ్బా ఆమెది కాదు.

2020 జూన్‌లో ఓ వింత జరిగింది. భీమ్ పెద్దవాడై రాకుమారి ఇందుమతిని పెళ్లాడాడన్న ప్రచారం పుట్టింది. ‘చుట్కీకి అన్యాయం జరిగింది, న్యాయం చేయాలి’ అంటూ సామాజిక మాధ్యమాల్లో ఒకటే గోల! చివరికి నిర్మాణ సంస్థే ముందుకొచ్చి, వాళ్లింకా చిన్నపిల్లలే, పెళ్లి వార్త నిజం కాదని చెప్పాల్సి వచ్చింది.

సరదా సంగతే. కానీ కాస్త ఆగి ఆలోచిస్తే... అన్నేళ్లలో చుట్కీకి ఒక్క యుద్ధమైనా పూర్తిగా అప్పగించలేదేమని అంత గోల జరగలేదు. పెళ్లి తప్పిపోయిందంటే మాత్రం జరిగింది. ఆడపిల్లకు న్యాయమంటే మంచి సంబంధం దొరకడమేనన్న పాత లెక్క బొమ్మల పిల్లనూ వదల్లేదన్నమాట!

అర్ధరాజ్యం... ఆపైన రాకుమార్తె

ఆ లెక్క నిన్న మొన్నటిది కాదు. 1947 జులైలో మొదలైన ‘చందమామ’తో తరాలకు తరాలు తెలుగు పిల్లలు చదవడం నేర్చుకున్నారు. వపా ముఖచిత్రాలు, చిత్రా, శంకర్‌ల బొమ్మలు ఇప్పటికీ కళ్లముందు కదలాడతాయి. అందులో గడసరి కోడళ్లూ, యుక్తితో మొగుణ్ని గట్టెక్కించే ఇల్లాళ్లూ ఉన్నారు. అయినా రాక్షసుణ్ని చంపినవాడికి రాజుగారు ఇచ్చేదేమిటంటే, ఏ పిల్లాడైనా టక్కున చెప్పేస్తాడు... అర్ధరాజ్యం, రాకుమార్తె! పొలంతో పాటు బావి రాసిచ్చినట్టు. ఆ అమ్మాయిని ‘నీకిష్టమేనా తల్లీ?’ అని అడిగే కథలు అరుదు.

వారపత్రికల కార్టూన్లు మరో రకం. అక్కడ పెళ్లాం చేతిలో అప్పడాల కర్ర. ఎదురుగా తలమీద బొప్పితో బక్కపలచని మొగుడు. ఆఫీసు కార్టూనైతే టైపిస్టు పిల్ల, గుటకలు మింగే బాసు. అందంగా ఉంటే చూడ్డానికి, లావుగా ఉంటే నవ్వడానికి! బాపు గీతలో అమ్మాయి ఎంత అందంగా ఉండేదంటే ‘బాపు బొమ్మ’ అన్న మాట పెళ్లిచూపుల్లో కొలబద్ద అయి కూర్చుంది. ఆ బాపూ, ముళ్లపూడి వెంకటరమణల ‘బుడుగు’లోనే సీగానపెసూనాంబ కూడా ఉంది. అల్లరిలో బుడుగుతో సమానంగా నిలబడగల పిల్ల. కానీ కొలబద్ద అయింది ఆమె కాదు.

అప్పడాల కర్ర జోకులు గీసే చేతులన్నీ మగవాళ్లవే అయిన రోజుల్లో విశాఖపట్నం నుంచి రాగతి పండరి కలం పట్టారు. పోలియో కదలనివ్వకపోయినా వేలాది కార్టూన్లు గీశారు. తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా పేరు తెచ్చుకున్నారు. 2015లో కన్నుమూశారు. ఇంట్లో, వీధిలో, పేరంటంలో ఆడవాళ్లు మాట్లాడుకునే తీరు వాళ్ల మధ్య కూర్చుని విన్న మనిషికి తెలిసినట్టు దూరం నుంచి చూసేవాళ్లకు తెలియదు కదా!

కార్యదర్శిగా వండర్ ఉమన్

సముద్రాల అవతల మాత్రం ఏం వెలిగిపోయింది గనక! 1941లో విలియం మౌల్టన్ మార్‌స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వండర్ ఉమన్‌ను సృష్టించాడు. ఆమె చేతిలో ఓ పాశం. దాంతో కట్టేస్తే ఎంతటివాడైనా నిజం కక్కాల్సిందే. అలాంటి వీరనారిని మరుసటి ఏడాది వీరుల సంఘంలో చేర్చుకుని ఇచ్చిన పదవి ఏమిటో తెలుసా? కార్యదర్శి! లోకాన్ని కాపాడగల చేతికి కాగితాలూ కలమూ ఇచ్చి కూర్చోబెట్టారన్నమాట.

తర్వాతి దశాబ్దాల్లో మరో జబ్బు పట్టుకుంది. 1994లో వచ్చిన ఓ ‘గ్రీన్ లాంటర్న్’ కథలో హీరో ప్రియురాలిని విలన్ చంపి ఫ్రిజ్‌లో కుక్కుతాడు. ఎందుకంటే హీరోకు కోపం రావాలి కాబట్టి! గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఇలా చంపేసిన, కాళ్లు విరగ్గొట్టిన, శక్తులు పీకేసిన నాయికలందరి జాబితా 1999లో తయారు చేస్తే అది చాంతాడంత అయింది. తర్వాత ఆమే పేరున్న కామిక్స్ రచయిత్రి అయ్యారు. మనకు ఇది కొత్తగా అనిపించదు. హీరో పగ రగలడానికి మొదటి రీల్లోనే ప్రాణం వదిలే చెల్లెళ్లు మన సినిమాల్లో ఎంతమంది లేరు!

2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి వండర్ ఉమన్‌ను మహిళా సాధికారతకు గౌరవ రాయబారిగా ప్రకటించింది. పొట్టి బట్టల బొమ్మా మాకు రాయబారి, నిజమైన ఆడమనిషే దొరకలేదా అని అక్కడి ఉద్యోగులే నిరసన తెలిపారు. రెండు నెలలు తిరక్కుండానే ఆ ముచ్చట ముగిసింది.

ముసుగు తొడుక్కున్న మహారాజు

మరి బట్టలదేనా గొడవ? ఓరుగల్లు వాళ్లు ఈ ప్రశ్నకు పుస్తకాలు తిరగేయనక్కర్లేదు. పాలంపేట దాకా వెళ్లొస్తే చాలు. 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అది. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తింపు పొందింది. చూరు కింద నల్లరాతి మదనికలు ఒంటినిండా నగలతో, ఒంపులు తిరిగిన నడుములతో నిలబడి ఉంటాయి. వాటిలో ఒకటి వేటకత్తె. ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న ఆ అమ్మాయిని చూసి ముక్కున వేలేసుకోని సందర్శకుడు ఉండడు. ఒంటిమీద బట్ట తక్కువే. కానీ ఆమె ఎవరికోసమో ఎదురుచూడటం లేదు. వేటకు బయల్దేరింది. తన పని తనకుంది. తేడా అక్కడే ఉంది.

ఇక రుద్రమ. సూపర్‌హీరోకు ఉండాల్సినవన్నీ ఆమెకున్నాయి. వీరులు ముసుగు తొడుక్కుంటారు, మారుపేరు పెట్టుకుంటారు. కొడుకులు లేని గణపతిదేవుడు కూతుర్నే వారసురాలిని చేశాడు. శాసనాల్లో ఆమె ‘రుద్రదేవ మహారాజు’. మగపేరే ఆమె ముసుగు! 1262 నుంచి 1289 వరకు ఆమె ఏలుబడి సాగింది. ఏనుగుల్లాంటి రాజులకు సింహమన్నట్టు ‘రాయగజకేసరి’ అన్న బిరుదు ధరించింది. మోటుపల్లి సీమను ఏలిన రాణి న్యాయబుద్ధిని మార్కోపోలో మెచ్చుకుంటూ రాశాడు. ఆ రాణి రుద్రమేనని చరిత్రకారుల అభిప్రాయం. 1289 నాటి ఆమె మరణాన్ని తెలిపే శాసనం నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికింది.

బ్యాట్‌మన్ ముసుగు తీసేస్తే మామూలు మనిషి. రుద్రమ ముసుగు తీసేస్తే ఆడమనిషి. గద్దెమీద ఆడదాన్ని ఒప్పుకోని లోకం ముందు ఆమె దాచుకోవాల్సి వచ్చింది శక్తిని కాదు, ఆడపుట్టుకను!

అంత వెనక్కి పోనక్కర్లేదనుకుంటే పాలకుర్తి ఐలమ్మ ఉండనే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు చేను మీద పడితే చెమటోడ్చి పండించిన పంటను దక్కనివ్వని చాకలి ఐలమ్మ. ఆమెకు రెక్కల గుర్రం లేదు. మంత్రపాశం లేదు. నాది అన్న మాట ఒక్కటే ఆయుధం.

పిల్లల పక్కన కూర్చున్నప్పుడు...

కార్టూన్లు మాన్పించడం ఎవరితరమూ కాదు. మాన్పించనూ అక్కర్లేదు. అమెరికన్ కార్టూనిస్టు అలిసన్ బెక్డెల్ 1985లో ఓ కార్టూన్‌లో చిన్న పరీక్ష పెట్టింది. సినిమాలో ఆడవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఆ మాటలు మగవాడి గురించి కాకుండా ఉండాలి. ఇంట్లో నడిచే కార్టూన్లకు ఈ పరీక్ష పెట్టి చూడండి. ఎన్ని తప్పుతాయో! పిల్లలకు అది కష్టమనిపిస్తే ఇంకా తేలిక ప్రశ్న ఉంది... ‘ఆ అక్క చేతిలో ఏముందిరా?’ అని అడగడం. లడ్డూ ఉంటే తప్పు కాదు. ఎప్పుడూ లడ్డూయే ఎందుకుందని పిల్లలకు తోస్తే చాలు.

హన్మకొండ ఇంట్లో ఆ ఆదివారం మధ్యాహ్నం నానమ్మ పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టుకుని రుద్రమ కథ చెప్పింది. సాయంత్రం మళ్లీ యుద్ధం. ఈసారి తువ్వాలు అక్క మెడకు ఎక్కింది. తమ్ముడు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

‘మరి నీకు దెబ్బ తాకితే లడ్డూ ఎవరు తెస్తరు?’

‘నువ్వే తే. వంటింట్ల డబ్బాల ఉన్నయ్.’

తమ్ముడు ఓ క్షణం ఆలోచించాడు. పరుగెత్తుకెళ్లి రెండు తెచ్చాడు... అక్కకొకటి, తనకొకటి. నీళ్ల డ్రమ్ముకు ఆ సాయంత్రం దెబ్బలు రెండు వైపుల నుంచీ పడ్డాయి.