అమ్మ వేడి చేతులు

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. బ్యాటరీతో వేడెక్కే గ్లౌజుల గురించి రాస్తున్నా. తాటిపాకలో కూర్చుని దీని గురించి రాయడమేంటని మా రూమ్మేట్లు నవ్వారు. "ఆయ్, మా కోనసీమకి ఐసు గ్లౌజులు కావాలి గానీ ఇవెందుకండీ" అని ఒకడన్నాడు. వాడిది అంబాజీపేట వైపు. జనవరిలో కూడా వీళ్లు ఫ్యాన్ వేసుకునే పడుకుంటారు.

మాది చింతపల్లి మండలం, లంబసింగి దాటి లోపలికి. వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరిలో కొన్ని రోజులు పొద్దున చలి సున్నా దగ్గరికి దిగిపోతుంది. లంబసింగికి కొర్రబయలు అనే ఇంకో పేరు ఎందుకొచ్చిందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు, బయట పడుకున్నోడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని. మైదానం వాళ్లు ఆ మంచు చూడ్డానికి కార్లేసుకుని వస్తారు. మనవాళ్లు అదే మంచులో కాఫీ పళ్లు కోస్తారు. కాఫీ కోత సరిగ్గా ఆ నెలల్లోనే కదా.

మా అమ్మకి చలిలో వేళ్లు తెల్లబడిపోతాయి. సున్నం పూసినట్టు, గోళ్ల నుంచి రెండో కణుపు దాకా. కాసేపటికి నీలంగా అవుతాయి, వేడి తగిలాక ఎర్రగా మారి మంట పుడతాయి. నర్సీపట్నంలో డాక్టరు చూసి దీన్ని రేనాడ్స్ అంటారు, చలికి వేళ్లల్లో రక్తనాళాలు ముడుచుకుపోతాయి, చేతులు ఎప్పుడూ వెచ్చగా ఉంచుకోవాలి అని చెప్పారు. చెప్పడం తేలికే. తెల్లారి ఐదున్నరకి బయలుదేరి, మంచులో గంట నడిచి, మంచు కారుతున్న కొమ్మలు పట్టుకునే మనిషి చేతులు ఎలా వెచ్చగా ఉంచుకుంటుంది? నెగడు ఒక్కటే దారి. నెగడు దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. వేళ్లకి స్పర్శ ఉండదు కాబట్టి నిప్పు ఎంత దగ్గరగా ఉందో తెలీదు.

మా పెద్దమ్మ కొడుకు ఆర్మీలో ఉన్నాడు, అప్పుడు లడఖ్‌లో డ్యూటీ. అమ్మ సంగతి విని లేహ్ బజారులో సొంత డబ్బులతో ఒక జత గ్లౌజులు కొని సెలవుకి వచ్చినప్పుడు ఇచ్చాడు. ప్రతి గ్లౌజు మణికట్టు దగ్గర చిన్న జేబు, అందులో అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద బ్యాటరీ. బటన్ నొక్కితే ఎర్ర లైటు, రెండు నిమిషాల్లో వేళ్ల వెనక వెచ్చగా అవుతుంది. అమ్మ మొదటిసారి వేసుకున్నప్పుడు మాట్లాడలేదు. చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత వాటికి వేడి చేతులు అని పేరు పెట్టేసింది. కాఫీ కోసేటప్పుడు వేసుకోదు, అంత మందంగా ఉంటే పండు చేతికి దొరకదు. తోటకి వెళ్లేటప్పుడు, మధ్యలో ఆగినప్పుడు, తిరిగొచ్చేటప్పుడు వేసుకునేది. ఆ ఏడాది వేళ్లు తెల్లబడటం బాగా తగ్గింది.

వాటితో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది, ఇంగ్లీషులో. అమ్మ నా చేతిలో పెట్టి "సదువుకున్నోడివి, నువ్వే సూడు బాబూ" అంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. ఆ పుస్తకం బ్యాగులో పెట్టుకున్నా. చదవలేదు. ఈ పోస్టులో అసలు చెప్పాల్సింది ఇదే, మిగతాదంతా దాని తర్వాత జరిగిందే.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్తే గ్లౌజులు గుర్తుపట్టలేకుండా ఉన్నాయి. కాఫీ పండు జిగురు, పొగ, మసి, చెమట వాసన. "వారంలో ఉతికి పంపిస్తా, హాస్టల్లో నీళ్లు బాగుంటాయి" అని తెచ్చేశా. బస్సులో రాజమండ్రి, రావులపాలెం మీదుగా వస్తూ మంచి పని చేస్తున్నాననే అనుకున్నా.

హాస్టల్లో నేను చేసింది చెప్తా, మీరు చేయకండి. బకెట్లో బట్టల పౌడరు వేసి రెండు గ్లౌజులూ రాత్రంతా నానబెట్టా. కుడి దాంట్లో బ్యాటరీ తీశా, ఎడమ దాంట్లో తీయడం మర్చిపోయా. పొద్దున్నే జీన్స్ ప్యాంటుని కొట్టినట్టు బండ మీద నాలుగు దెబ్బలు. తర్వాత చెరో చివర పట్టుకుని మెలితిప్పి పిండాం, నేనూ, నా పక్క మంచం వాడూ. ఆపైన డాబా మీద ఎర్రటి ఎండలో ఆరేశా. సాయంత్రానికి అరచేతి తోలు అప్పడంలా బిగుసుకుంది. కుడిది వెలిగింది. ఎడమది వెలగలేదు.

వారం కాస్తా నెల అయ్యింది. ఇంటర్నల్స్ ఉన్నాయి, చేతిలో డబ్బుల్లేవు, అమ్మ ఫోనులో ఎప్పుడూ అడగలేదు. ఫిబ్రవరిలో చెల్లి చెప్పింది. చలి ఇంకా పోలేదట, అమ్మ మళ్లీ నెగడు దగ్గర కూర్చుంటోందట, ఉంగరం వేలు కాలి బొబ్బ వచ్చిందట. "నీకు సెప్పొద్దంది అన్నా" అంది చెల్లి. ఆ రోజు సాయంత్రం ఆ ఇంగ్లీషు పుస్తకం తీసి, డిక్షనరీ పెట్టుకుని మొత్తం చదివా. పన్నెండు పేజీలు. గంట పట్టింది అంతే.

మర్నాడు తాటిపాక సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లా. ఆయన తిప్పి చూసి "బండకేసి ఉతికావా బాబూ?" అని అడిగాడు. అబద్ధం చెప్పలేకపోయా. మణికట్టు దగ్గర కుట్టు విప్పి చూపించాడు. పై బట్టకీ లోపలి అస్తరుకీ మధ్య జుట్టంత సన్నటి తీగ వేళ్ల చుట్టూ తిరిగి వస్తుంది, వేడి పుట్టించేది అదే. మనం మెలితిప్పితే ముందు తెగేది ఆ తీగ పిన్నుని కలిసే చోట. మల్టీమీటరు పెడితే కుడి దానికి ఏడు ఓమ్స్ దగ్గర చూపించింది, ఎడమ దానికి ఏమీ లేదు. ఆయన సోల్డరింగ్ చేసి, పైన ట్యూబు తొడిగి, పచ్చగా తుప్పు పట్టిన పిన్నుని చెవిపుల్లకి స్పిరిట్ లాంటి ద్రవం అద్ది తుడిచాడు. మళ్లీ వెలిగింది. డబ్బులు కూడా తక్కువే తీసుకున్నాడు. కుట్టు మాత్రం నేనే వేసుకున్నా.

ఆ రాత్రి లెక్క వేశా. బ్యాటరీ మీద 7.4 వోల్టులు, 2200 ఎంఏహెచ్ అని ఉంది. అంటే దాదాపు 16 వాట్ అవర్స్. ఏడు ఓమ్స్ తీగకి 7.4 వోల్టులిస్తే ఎనిమిది వాట్లకి కొంచెం తక్కువ ఖర్చు. అంటే ఎర్ర లైటు మీద రెండు గంటలు. అమ్మ ఎప్పుడూ ఎర్ర లైటే పెట్టేది, అందుకే తిరిగొచ్చే దారిలో చల్లబడిపోయేవి. మొదటి పది నిమిషాలు ఎరుపు, తర్వాత పచ్చలైటుకి మారిస్తే రానూపోనూ సరిపోతుంది. ఓమ్ సూత్రం ఇంటర్లో బట్టీ పట్టా. అమ్మ నడకకి పనికొస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఇప్పుడు ఉతికే పద్ధతి. అసలు తరచుగా ఉతకకూడదు. బయటి మురికికి తడి గుడ్డ చాలు. లోపల పల్చటి నూలు గ్లౌజు వేసుకుంటే చెమట దానికే పడుతుంది, దాన్ని రోజూ ఉతుక్కోవచ్చు. మరీ తప్పకపోతే రెండు బ్యాటరీలూ తీశామా అని రెండుసార్లు చూసుకోవాలి. పిన్నుకి మూత ఉంటే మూత, లేకపోతే ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం షాంపూ వేసి అరచేత్తో నొక్కుతూ కడగాలి. బ్లీచింగు వద్దు, రుద్దొద్దు, పిండొద్దు. తువ్వాలులో చుట్టి అదిమితే నీళ్లు అదే పీల్చుకుంటుంది. అస్తరుని లోపల నుంచి బయటికి లాగకూడదు, తీగ దానికే కుట్టి ఉంటుంది. నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఒకరోజు పడుతుంది, రెండు రోజులు పట్టొచ్చు. లోపల చెయ్యి పెట్టి చూసి, ఏ వేలు చివరా చెమ్మ లేదనుకున్నాకే బ్యాటరీ పెట్టాలి. తోలు మెత్తబడటానికి ఇక్కడ అందరూ కొబ్బరినూనె రాయమన్నారు. కోనసీమలో తలనొప్పికీ, తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనే. రాయకండి. నూనె అస్తరులోకి దిగి కంపు కొడుతుంది. తోలుకి రాసే క్రీము దొరుకుతుంది, కొంచెం చాలు.

ఇంత తెలుసుకున్నాక కూడా ఇంకో తప్పు చేశా. బాగుచేయించిన గ్లౌజుల్ని, బ్యాటరీలతో సహా ట్రంకు పెట్టెలో పడేసి తాళం వేశా, మళ్లీ చలికాలానికే కదా అని. ఎండాకాలం, వానాకాలం దాటిపోయాయి. సెప్టెంబరులో తెరిస్తే తోలు మీద తెల్లగా బూజు, వేళ్ల మధ్య చీమలు. కాఫీ జిగురు తీపి ఇంకా ఎక్కడో మిగిలినట్టుంది. ఇక్కడ సముద్రం దగ్గర, చుట్టూ కాలువలు, వానాకాలంలో బెల్టుకే బూజు పడుతుంది. బ్యాటరీలు అసలు ఛార్జింగ్ ఎక్కలేదు. ఒకటి కొంచెం ఉబ్బింది కూడా. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయిపోయే దాకా నెలల తరబడి వదిలేస్తే లోపల చచ్చిపోతుంది. నిండుగా ఛార్జ్ చేసి దాచడమూ మంచిది కాదు. సగం ఛార్జింగుతో, గ్లౌజుల నుంచి విడిగా, చల్లటి పొడి చోట పెట్టి, రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

పక్క మంచం వాడు తెలివిగా వైఫై రూటరు అడాప్టరు తెచ్చి "పిన్ను సరిపోతోందిరా" అన్నాడు. అది 12 వోల్టులు. ఈ బ్యాటరీకి 8.4 వోల్టుల ఛార్జరే పెట్టాలి. చేతిలోంచి లాక్కున్నా. ఉబ్బినదాన్ని పొడవకండి, పారేయకండి, ముఖ్యంగా నెగట్లో వేయకండి. మన ఊళ్లల్లో పనికిరానిదంతా పోయేది నెగట్లోకే కదా. ఈ మాట రాస్తుంటే నాకు భయమేసింది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. మా కొండ మీద అలాంటి డబ్బా నేనైతే చూడలేదు. పాతవి రెండూ ఆ సెల్‌ఫోన్ షాపాయనకే ఇచ్చా, ఆయన అలాంటివి విడిగా పోగుచేసి పంపిస్తాడు.

కొత్త బ్యాటరీలకి మూడు పెళ్లిళ్లలో వడ్డనకి వెళ్లా. వోల్టులూ, పిన్నూ రెండూ సరిచూసుకునే కొన్నా.

దీపావళికి ఇంటికి వెళ్తున్నా. ఇప్పుడు చెల్లికి ఒక కాగితం రాస్తున్నా, తెలుగులో, పెద్ద అక్షరాలతో. అది ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి, అమ్మకి అదే చదివి చెప్పాలి. మంచులోంచి తెచ్చిన బ్యాటరీని వెంటనే ఛార్జింగు పెట్టొద్దు, ఇంట్లో అరగంట ఉంచి చల్లదనం పోయాక పెట్టు అని మొదట రాశా. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం పొరలా పేరుకుంటుంది, అది ప్రమాదం. దుప్పటి మీద పెట్టొద్దు, రాత్రి వదిలేసి పడుకోవద్దు. నడిచేటప్పుడు స్పేర్ బ్యాటరీ ఉంటే జాకెట్ లోపల ఒంటికి తగిలేలా పెట్టుకో, చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. ఇది లడఖ్ అన్నయ్య చెప్పింది. వేళ్లు మొద్దుబారి ఉన్నప్పుడు ఎర్ర లైటు ఎక్కువసేపు పెట్టొద్దు, కాలినా తెలీదు. ఈ చివరి లైను కింద రెండు గీతలు గీశా.

నిన్న ఫోన్ చేస్తే అమ్మ తనంతట తనే అడిగింది. "వేడి సేతులు తెస్తన్నావేటిరా?" తెస్తున్నానమ్మా అన్నా. ఉతికావా అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

గ్లౌజులు ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టా, చెమ్మ పీల్చే ఆ చిన్న తెల్ల ప్యాకెట్లు నాలుగు వేసి. ఇంకో నాలుగు కావాలి. హాస్టల్లో ఎవరు కొత్త బూట్లు కొన్నా ఆ ప్యాకెట్లు పారేయకుండా నాకివ్వమని చెప్పా.